గడిలో వ్రాసిన పేరు

హైదరాబాదు నుండి నాగపూరు దారిని ఉత్తరముగా పోవువారికి బోయినపల్లి దాటిన పిమ్మట సుచిత్ర కూడలియు, ఆ తరువాత కొంపల్లియు, ఇంకను ముందు మేడ్చలును తగులును. ఈ దారి కిరువైపుల నేడు కనుపించునవి మేడలు, దుకాణములు, పెండ్లి మంటపములు. భూమి ధర అడిగినచో చదరపు గజము లెక్కన చెప్పుదురు. ఒకటి రెండు తరముల క్రిందట ఇక్కడనే జొన్నచేలు, వరిమళ్ళు, ద్రాక్షతోటలు ఉండెడివి. అప్పటివారు ఎకరములు, గుంటలు తప్ప వేరు లెక్క ఎరుగరు. నేల కదలలేదు గాని, ఆ నేలను వ్రాసికొను కాగితము మాత్రము పలుమారులు మారినది. ఆ కాగితపు చరిత్రను గూర్చి, ముఖ్యముగా దానిపై గీసిన గడులను గూర్చి, ఈ ప్రసంగమున కొంత ముచ్చటింపదలచితిని.

గడి యనగా నిలువుగీతల నడుమ, అడ్డుగీతల నడుమ మిగిలిన చిన్న చోటు. నేడు కార్యాలయములలోను, బడులలోను, చిల్లర దుకాణములలోను కంప్యూటరు తెరపై కనుపించు స్ప్రెడ్‌షీటు అనబడు గళ్ళపత్రమును ఎరుగనివారు అరుదు. మన యిండ్లలో పిల్లలు దానిని ఎక్సెల్ అని పిలుతురు. గడిలో వ్రాయుట, వ్రాసినదానిని దిద్దుట, గడికి తగిన రూపమిచ్చుట, ఒక గడి నుండి మరియొక గడిని పేర్కొనుట — ఈ పనులు వచ్చినవానికి ఆ విద్య చాలవరకు వచ్చినట్లే. అయితే ఇవి కంప్యూటరుతో పుట్టిన పనులు కావు. కంప్యూటరు యంత్రము పుట్టకమునుపే మేడ్చల్ తాలూకా పట్వారీ తన యింటి అరుగుపై కూర్చుండి, కలమును సిరాబుడ్డిలో ముంచి, వీనినన్నిటిని చేయుచుండెను. అతడు చేసిన పొరపాట్ల ఫలమును కొన్ని కుటుంబములు నేటికిని అనుభవించుచున్నవి.

భూమిని వ్రాతలో నిలుపుట మనకు క్రొత్త కాదు. తూర్పు చాళుక్యుల తామ్రశాసనములలో దానమిచ్చిన గ్రామమునకు హద్దులు చెప్పబడినవి. తూర్పున ఫలానా చెరువు, దక్షిణమున ఫలానా చెట్టు, పడమట దారి అను తీరున. రాగిరేకుపై గడులు లేవు, వాక్యమే కలదు. వాక్యముతో ఒక దానమును నిలుపవచ్చును గాని ఒక తాలూకా శిస్తును కూడలేము. కూడిక కావలసినప్పుడే మనుష్యుడు గీతలు గీయును.

మొదటి సాలార్ జంగు 1853 లో దివాను పదవికి వచ్చునాటికి నిజాము రాజ్యములో శిస్తు వసూలు చాలచోట్ల గుత్తేదారుల చేతిలో నుండెను. 1865 లో జిల్లాబందీ జరిగి, రాజ్యము జిల్లాలుగాను, తాలూకాలుగాను విభజింపబడి, జీతము తీసికొను తాలూకాదారులు, తహసీలుదారులు నియమింపబడిరి. గుత్తేదారునకు గ్రామము మొత్తముపై ఇంత అని తెలిసిన చాలును. జీతగాడైన ఉద్యోగికో, ఏ పొలము ఎవరిది, విస్తీర్ణమెంత, శిస్తెంత అని విడివిడిగా తెలియవలెను. గడుల అవసరము అక్కడ పుట్టినది. అటుపిమ్మట 1870 తరువాతి దశకములో బొంబాయి రాష్ట్రపు పద్ధతి ననుసరించి సర్వే, బందోబస్తు పనులు ప్రారంభమైనవి.

ఆ పద్ధతిలో కొలతకు వాడినది 33 అడుగుల గొలుసు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు గల నేల ఒక గుంట. గొలుసు అనగా 11 గజములు గనుక గుంట యనగా 121 చదరపు గజములు. అట్టి గుంటలు 40 చేరినచో ఎకరము, అనగా 4,840 చదరపు గజములు. ఈ లెక్కను శ్రోతలు కొంచెము జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను. దీనితో ముందు పని యున్నది.

కొలిచినదానిని వ్రాసిన తొలి చిత్తుపటము టిప్పన్. పొలముల వారీగా నంబరును, విస్తీర్ణమును, శిస్తును, పట్టాదారు పేరును చూపిన మూలపట్టిక సేత్వారు. ‘శేత్’ అనగా మరాఠీలో పొలము. ఏటేట పైరును, సాగును చూచి వ్రాయునది పహాణీ. ఇదియు మరాఠీ మాటయే, చూచుట, తనిఖీ చేయుట అని అర్థము. ఆ యేటి మార్పులను తేల్చునది ఫైసల్ పట్టీ. రాబడిని, నిలువను చూపునది వసూలు బాకీ. తెలుగు రైతు తన నేలను గూర్చి మరాఠీ పేరు గల పత్రములో, ఉర్దూ వ్రాతలో, ఫసలీ సంవత్సరము క్రింద చదువుకొనవలసి వచ్చెను. చదువు రానివాడు గనుక పట్వారీ చదివి చెప్పినదే అతనికి వేదము. (ఫసలీ సంఖ్యకు 590 కలిపినచో రమారమి క్రీస్తు శకము వచ్చును. పాత కాగితములు గల యింటివారికి ఈ చిట్కా పనికివచ్చును.)

మేడ్చల్ తాలూకా ఆ కాలమున అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలోనిది. రాజధాని చుట్టును వ్యాపించిన ఈ జిల్లా నిజాము సొంత వ్యయమునకు ఆదాయమిచ్చు సర్ఫెఖాస్ భూమి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగిన పిమ్మట, 1949 లో సర్ఫెఖాస్ రాష్ట్రములో విలీనమయ్యెను. అదే సంవత్సరమున జాగీర్లు రద్దయ్యెను. 1950 లో వచ్చిన కౌలుదారీ శాసనము రక్షిత కౌలుదారులను గుర్తించినది. ఇన్ని మార్పులు ఒక్కుమ్మడిగా వచ్చిపడగా, ఏ పొలమునకు ఎవరు యజమాని, ఎవరు సాగుదారు అను ప్రశ్నకు క్రొత్తగా జవాబు వ్రాయవలసి వచ్చెను. 1358 ఫసలీ నాటి హక్కుల నిబంధన క్రింద గ్రామగ్రామమున విచారించి వ్రాసిన ఆ జవాబే 1954–55 నాటి ఖాస్రా పహాణీ. ఇప్పటికిని తెలంగాణములో భూమి తగాదా న్యాయస్థానమునకు వెళ్ళినచో, వకీలు మొట్టమొదట అడుగునది ఆ సంవత్సరపు నకలే. డెబ్బది యేండ్ల క్రిందట ఒక గడిలో వ్రాసిన పేరు నేటి కోట్ల ఆస్తికి మొదటి మెట్టుగా నిలిచినది.

పహాణీ పత్రికను విప్పి పరచినచో వరుసగా కనుపించునవి ఇవి: సర్వే నంబరు, మొత్తము విస్తీర్ణము, సాగునకు పనికిరాని పోటుఖరాబు, తరీయా ఖుష్కీయా అనునది, శిస్తు, నీటి ఆధారము, ఖాతా నంబరు, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు, ఆ యేడు వేసిన పైరు. ఇందులో పట్టాదారు గడికిని అనుభవదారు గడికిని నడుమ నున్నది సన్నని గీత ఒక్కటే. పట్టా ఒకరిది, నాగలి మరియొకరిది అయినచోట ఆ గీతకు ఇరువైపుల రెండు సంసారములు నిలిచియుండెడివి. అనుభవదారు గడిలో ఏటేట తన పేరు పడుచున్నంతకాలము కౌలుదారునకు ధైర్యము. ఒక యేడు పడకపోయినచో ఆ సంగతి అతనికి తెలియుటకే పదేండ్లు పట్టవచ్చును.

గడిలో వ్రాసినదానిని దిద్దుటకు పద్ధతి యుండెను. పాతది గోకివేయరాదు; అది కనుపించునట్లు ఒక్క గీతతో కొట్టివేసి, పైన క్రొత్తది వ్రాసి, ప్రక్కన పొడి అక్షరములును తేదీయును వేయవలెను. ఎవరి ఉత్తరువు ననుసరించి మార్చినదియు, ఏ మిసిలు నంబరన్నదియు తెలుపవలెను. తండ్రి పోయిన పిమ్మట కొడుకుల పేరు లెక్కించుటకు విరాసత్ అని పేరు. ఉత్తరువు లేని దిద్దుబాటును న్యాయస్థానములు అనుమానముతోనే చూచును. పద్ధతి ఇంత చక్కనిదైనను, పట్వారీ ఇంటనే దస్త్రము, పట్వారీ చేతనే కలము ఉన్నంతకాలము అది ఎంతవరకు పాటింపబడెనో ఊహించుట కష్టము కాదు. అందరు పట్వారీలును అక్రమపరులని నా భావము కాదు. గ్రామములో ప్రతి గట్టును, ప్రతి కుటుంబమును ఎరిగి, కాగితము చూడకయే నంబరు చెప్పగల నిష్ఠాపరులును ఉండిరి. కాని ఒక్క మనుష్యుని నిష్ఠపై ఊరంతయు ఆధారపడుట క్షేమము కాదు.

పహాణీ ఏటేట క్రొత్తగా వ్రాయవలసినది. గత సంవత్సరపు పుస్తకమును ఎదుట పెట్టుకొని, పొలమునకు పోయి అజమాయిషీ చేసి, మారినదానిని మార్చి వ్రాయవలెను. పొలమునకు పోని యేడు ఏమగును? మక్కీకి మక్కీ దింపుటయే. ఈ మాటకు మూలమైన కథ శ్రోతలకు తెలిసియే యుండును: అసలు కాగితముపై చచ్చిన ఈగ అంటుకొని యుండగా, నకలు వ్రాయు గుమాస్తా మరియొక ఈగను చంపి అదే చోట అంటించెనట. ఈ విధముగా, ఒక యేడు పొరపాటున పడిన పేరు మరుసటి యేడును, ఆ మరుసటి యేడును పడుచు, పదేండ్లకు గట్టి సాక్ష్యమై కూర్చుండెను.

ఇక కంప్యూటరు గళ్ళపత్రము పుట్టుక. అమెరికాలో హార్వర్డు వ్యాపార విద్యాలయమున డాన్ బ్రిక్లిన్ అను విద్యార్థి చదువుచుండగా, ఉపాధ్యాయుడు నల్లబల్లపై పెద్ద పట్టిక వేసి లెక్క చెప్పుచుండెను. ఒక గడిలోని అంకె మార్చినచో దానిపై ఆధారపడిన గడులన్నిటిని చెరిపి తిరిగి వ్రాయవలసి వచ్చెడిది. ఈ చెరుపుటయు వ్రాయుటయు యంత్రమే చేయరాదా అని అతనికి తోచెను. బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను మిత్రునితో కలిసి అతడు నిర్మించిన విసికాల్క్ 1979 లో ఆపిల్ కంప్యూటరుపై వెలువడెను. అందు 63 నిలువువరుసలు, 254 అడ్డువరుసలు. 1983 లో లోటస్ వచ్చినది; 1985 లో మకింటాషు యంత్రములకును, 1987 లో విండోసునకును ఎక్సెల్ వచ్చినది. ఇప్పటి ఎక్సెల్ పత్రమున 16,384 నిలువువరుసలు, 10,48,576 అడ్డువరుసలు కలవు. ఒక తాలూకా పహాణీ యంతయు అందులో ఒక మూలకు సరిపోవును.

నల్లబల్లపై చెరుపుట ఉపాధ్యాయునకు శ్రమ. దానిని తొలగించినందుకు లోకము బ్రిక్లిన్‌ను మెచ్చుకొన్నది. మన దస్త్రములలో చెరుపరాదను నియమమే రైతునకు రక్ష. గళ్ళపత్రములో ఒక గడిపై నిలిచి ఏదైన టైపు చేసినచో అంతకుముందున్నది చప్పుడు లేక మాయమగును. ఎఫ్-2 మీట నొక్కినచో గడి తెరచుకొని, ఉన్నదానిలోనే ఒక అక్షరము దిద్దుకొనవచ్చును. పొరపడినవానికి వెనుకకు మరలు మీటయు కలదు. పత్రమును మూసివేసిన పిమ్మట అది పనికిరాదు. కొట్టివేత గీత యంతట అదే పడదు, పొడి అక్షరములు పడవు. ఎవరు, ఎప్పుడు మార్చిరో తెలియవలెనన్నచో అందుకు వేరుగా ఏర్పాటు చేసికొనవలెను. ఇంటి లెక్కలు వ్రాసికొనువారు సైతము, పాత విలువను ప్రక్కగడిలో తేదీతో నుంచుట మంచిదని నా అభిప్రాయము. పట్వారీలకు చెప్పిన నియమమే మనమును పాటించినచో నష్టము లేదు.

గడికి రూపమిచ్చుట అను పని పైకి అలంకారము వలె కనుపించును. అంకెలు కుడివైపునకు, పేర్లు ఎడమవైపునకు, శీర్షికలు ముదురుగా — ఇంతియే కదా అని తోచును. భూమి లెక్కలో ఇది అలంకారము కాదు. సర్వే నంబరు 5/2 అని గళ్ళపత్రములో టైపు చేసి చూడుడు. యంత్రము దానిని తేదీ యనుకొని, ఫిబ్రవరి 5 అనియో, మే 2 అనియో మార్చివేయును. 45/2 అని వ్రాసినచో అట్టి తేదీ లేదు గనుక ఉన్నదున్నట్లు విడిచిపెట్టును. ఒకే పట్టికలో కొన్ని నంబర్లు నంబర్లుగాను, కొన్ని పండుగ తేదీల వలెను తేలును. టైపు చేయుటకు ముందే ఆ నిలువువరుసకు అక్షరరూపము ఏర్పరుపవలెను, లేదా నంబరునకు ముందు ఒంటి కొటేషను గుర్తు నుంచవలెను. ఈ చిక్కు మన సర్వే నంబర్లకే వచ్చినది కాదు. మార్చి, సెప్టెంబరు నెలల పేర్లను పోలిన సంక్షిప్తనామములు గల మానవ జన్యువులు కొన్ని కలవు. శాస్త్రజ్ఞుల పట్టికలలో అవియు తేదీలుగా మారుచుండెను. తుదకు 2020 లో జన్యువుల పేర్లు పెట్టు సంఘమువారు ఆ జన్యువుల పేర్లనే మార్చుకొనిరి. జన్యువునకు పేరు మార్చుట సులభము. సర్వే నంబరును మార్చుట ఎవరి తరము?

ఇంతకంటె చిక్కైనది ఎకరముల, గుంటల వ్రాత. మన పత్రములలో 3 ఎకరముల 20 గుంటలను 3.20 అని వ్రాయుట వాడుక. చుక్క చూచి యంత్రము దానిని దశాంశమనుకొనును. అన్నదమ్ముల మూడు తునకలు 1.25, 2.30, 0.35 అనుకొందము. యంత్రము వానిని కూడి 3.90 అనును. నిజమునకు గుంటలు 25, 30, 35 చేరి 90. అనగా 2 ఎకరముల 10 గుంటలు. ఎకరములు 3. మొత్తము 5 ఎకరముల 10 గుంటలు. ఒకటింబావు ఎకరమునకు పైగా నేల ఒక్క చుక్కలో మునిగిపోయినది. ఎకరములకొక వరుస, గుంటలకొక వరుస విడిగా నుంచి, గుంటలన్నిటిని కూడి 40 చేత భాగించి, భాగఫలమును ఎకరములలో కలిపి, శేషమును గుంటలుగా వ్రాయుటయే మార్గము. పట్వారీ ఇదియంతయు వ్రేళ్ళపై చేసెడివాడు. అతని గుంటలు 40 దాటి వ్రాయబడుట అరుదు.

కొంపల్లి వాస్తవ్యులగు ఒక కుటుంబమువారు నాకు తెలియుదురు. పొలము చాలవరకు ఎన్నడో పోయినది. మిగిలిన కొన్ని నంబర్లను పంచుకొనుటకు మనుమడు కంప్యూటరుపై పట్టిక తయారుచేసి, అచ్చు తీసి తాత చేతికిచ్చెను. తాత కండ్లద్దములు సవరించుకొని ఒక గడిపై వ్రేలు పెట్టెను.

“ఇదేంది బిడ్డా, మూడెకరాల రెండు గుంటలని రాసినవ్? మనది మూడెకరాల ఇరవై గుంటలు గదా?”

“నేను ఇరవయ్యే కొట్టిన తాతా. కంప్యూటరు ఎనక సున్న తీసేసింది.”

“సున్న తీసెయ్యనీకి అదెవరు?”

ఆ ప్రశ్నకు నేను సమాధానము వెదకికొంటిని. గణితములో 3.20 యు 3.2 యు ఒకటే గనుక యంత్రము చివరి సున్నను చూపదు. రెండు దశాంశములు చూపుమని గడికి రూపము చెప్పినప్పుడే సున్న నిలుచును. అచ్చులో 3.2 అని చూచినవాడు 2 గుంటలని చదువుకొనును. భేదము 18 గుంటలు. 2,178 చదరపు గజములు. కొంపల్లిలో నేడు అంత చోటు ఉన్న కుటుంబము తరతరములకు నిలుచును. ప్రభుత్వపు పత్రములలో చుక్క తరువాత నాలుగు అంకెలు వేయుట ఈ అపాయము నెరిగియే కావచ్చును.

ఒక గడి నుండి మరియొక గడిని పేర్కొనుట మిగిలినది. గళ్ళపత్రములో నిలువువరుసకు అక్షరము, అడ్డువరుసకు అంకె. ఏ వరుసలోని మొదటి గడి ఏ1. మన సర్వే నంబరు తీరును ఇదియే. 45 అను పొలము పంపకమైనచో 45/అ, 45/ఆ, 45/ఇ అని తునకలగును. తునక మరల తెగినచో 45/ఆ/1 అగును. మన పహాణీలో ఆ అక్షరములు తెలుగు అక్షరములే యగుట నాకు ముచ్చట గొలుపును.

గళ్ళపత్రములో రెండు విధముల పేర్కొనుట కలదు. ఒకటి సాపేక్షము: ‘నాకు ఎడమప్రక్క గడి’ అని చెప్పుట. ఆ సూత్రమును వేరుచోట నకలు దింపినచో అచ్చటి ఎడమప్రక్క గడిని పట్టుకొనును. రెండవది స్థిరము: అక్షరమునకును అంకెకును ముందు డాలరు గుర్తు నుంచినచో, ఎచ్చట దింపినను ఆ సూత్రము అదే గడిని చూచును. తొలినాటి విసికాల్క్ సూత్రమును నకలు చేయుచున్నప్పుడు ప్రతి గడికిని ఆగి, ఇది మారవలెనా, మారకుండవలెనా అని అడిగెడిది. నేటి యంత్రములకు అంత ఓపిక లేదు.

దస్తావేజులోని చెక్కుబందీ సాపేక్షమైనది. తూర్పున ఫలానావారి పొలము, పడమట ఫలానావారి బావి అని వ్రాసియుండును. తూర్పువాడు అమ్ముకొని పోయెను, పడమటి బావి పూడిపోయెను. మాట నిలిచినది, అది చూపిన వస్తువు జరిగినది. సర్వే నంబరు డాలరు గుర్తు పెట్టిన గడి వంటిది. మనుష్యులు మారినను అది మారదు. అయినను అది యుండు పత్రము పేరు మారుచునే వచ్చినది. మేడ్చల్ ప్రాంతపు పొలము అత్రాఫ్-ఎ-బల్దాలో నుండి హైదరాబాదు జిల్లాకు, 1978 లో రంగారెడ్డి జిల్లాకు, 2016 లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాకు వచ్చినది. 2018 లో కొంపల్లి పురపాలక సంఘమైనది. గళ్ళపత్రములో పత్రము పేరు మార్చినచో దానిని పేర్కొన్న సూత్రములన్నియు తమంతట సరిపడును. పాత దస్తావేజునకు ఆ సౌకర్యము లేదు. ఏ కాలమున ఏ జిల్లా యని రైతే చెప్పుకొనవలెను.

పేర్కొన్న గడినే తొలగించినచో యంత్రము ‘రెఫ్’ అని తప్పు చూపును. కొంపల్లి పొలములలో ఇట్టివి చాల జరిగినవి. 2006 నాటి శాసనము క్రింద సాగుభూమి వేరు పనికి మార్చబడి, లేఅవుటు వేయబడి, నంబరు స్థానమున ప్లాటు నంబర్లు వచ్చినవి. పాత నంబరు పేరట దావా మాత్రము నడచుచుండును. ఇక తన్ను తానే పేర్కొను గడి యున్నచో యంత్రము వెంటనే హెచ్చరించును. పహాణీలో పేరెక్కుటకు పాసు పుస్తకము తెమ్మనియు, పాసు పుస్తకమునకు పహాణీ తెమ్మనియు తిరిగినవారు ఆ హెచ్చరిక విలువను గ్రహింపగలరు.

కలము నుండి తెరకు మార్పు నెమ్మదిగా వచ్చినది. 1971 లో హక్కుల పత్రము, పాసు పుస్తకముల శాసనము. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వము పట్వారీ పదవులను రద్దుచేసినది. దస్త్రములు ఇండ్లనుండి కార్యాలయములకు కదలవలసి వచ్చినవి. 1998 నవంబరులో కార్డు అను పేర రిజిస్ట్రేషను కార్యాలయములకు కంప్యూటర్లు వచ్చినవి. 2017 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వము భూ దస్త్రముల ప్రక్షాళన చేపట్టినది. 2020 అక్టోబరు 29 న ముఖ్యమంత్రి చంద్రశేఖరరావుగారు ధరణిని ప్రారంభించినది శామీర్‌పేటకు చేరువనున్న మూడు చింతలపల్లి గ్రామముననే. 

ధరణి మేలును చెప్పవలెను. సాగుభూమి అమ్మకమును, పేరు మార్పును తహసీలుదారు కార్యాలయములో ఒకే కూర్చుండుటలో ముగియునట్లు చేసినది. రిజిస్ట్రేషను అయియు పేరెక్కక యేండ్ల తరబడి తిరుగు బాధ దానితో తగ్గినది. కాని అందులో అనుభవదారు గడి తొలగింపబడినది. గీతకు ఆవలివైపు నిలిచినవాడు, అనగా కౌలుదారు, సాదాబైనామాపై కొని పట్టా లేక సాగుచేయుచున్నవాడు, కనుపింపకుండ పోయెను. రెండవది, ప్రక్షాళనలో పడిన తప్పులు అట్లే తెరపైకి ఎక్కినవి. దిద్దుటకు క్రిందిస్థాయి అధికారికి అధికారము లేకపోయెను. విస్తీర్ణములో ఒక అంకె తప్పినను, పేరులో ఒక అక్షరము తప్పినను, నిషేధిత జాబితాలో నంబరు చేరినను రైతు కలెక్టరు కార్యాలయమునకో, సివిలు కోర్టునకో పోవలసి వచ్చెను. దిద్దుబాట్లకు టీఎం-33 అను ఒక ద్వారము తరువాత ఏర్పడినది. పల్లెలలో ముసలివారు సైతము ఆ పేరు కంఠస్థము చేసిరి. పట్వారీ గడిని మరీ సులభముగా మార్చునని భయపడిన కాలము పోయి, తప్పును ఎవరును మార్చలేరని భయపడు కాలము వచ్చినది.

2024 డిసెంబరులో శాసనసభ ఆమోదించిన భూభారతి చట్టము 2025 ఏప్రిల్ 14 న అమలునకు వచ్చినది. అందు దిద్దుబాటునకును, అప్పీలునకును మెట్లు తిరిగి ఏర్పరుపబడినవి. ప్రతి కమతమునకు భూధార్ అను నంబరు నిచ్చుటకును ఏర్పాటు కలదు. దేశమంతటికి 2021 లో ఉద్దేశింపబడిన 14 అక్షరాంకముల నంబరును ఈ కోవకు చెందినదే. అది కమతపు మూలల అక్షాంశ రేఖాంశములపై ఆధారపడును. హద్దును పొరుగువాని పేరుతో గాక భూగోళముపై స్థానముతో చెప్పుట దీని ఉద్దేశము. దానికి ముందు నేలను మరల కొలువవలెను. 33 అడుగుల గొలుసు స్థానమున ఇప్పుడు ఉపగ్రహముల సాయమున కొలుచు యంత్రములు వచ్చినవి.

కొంపల్లి కుటుంబము సంగతి చెప్పుట మరచితిని. మనుమడు గడుల రూపము సరిచేసి, ఎకరములకు, గుంటలకు వేరువేరు వరుసలు పెట్టి, మరల అచ్చు తీసెను. తాత ఒక్కొక్క గడిపై వ్రేలు పెట్టి పెద్దగా చదివించుకొనెను. పిదప ఆ కాగితమును నాలుగు మడతలు పెట్టి, 1954–55 ఖాస్రా పహాణీ నకలు ఉన్న సంచిలోనే దోపి, బీరువాకు తాళము వేసెను.